షుగర్ ఉన్నోళ్ళే నడుపుకునే ఊరి గ్రూపు ఎట్టా పెట్టాలి: మొదటి రోజు నుంచి ఏడాది దాకా

మన ఒంగోలు, నెల్లూరు ప్రాంతంలో కనిగిరి, పొదిలి, ఉదయగిరి, కావలి వైపు నుంచి చాలామంది ఒకే మాట అడుగుతా ఉండారు, మా ఊళ్ళో షుగర్ వాళ్ళు ఇంతమంది ఉండారు, డాక్టరు దగ్గరికి పోయేది రెండు మూడు నెలలకోసారి, ఈలోగా ఏం తినాలో మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెప్పే దిక్కు లేదు, మేమే ఒక గ్రూపు పెట్టుకోవచ్చా అని. పెట్టుకోవచ్చు. పెద్ద ఖర్చు లేదు, పెద్ద చదువూ అక్కర్లేదు. కానీ వరస తప్పితే నాలుగు వారాల్లో ఆగిపోతుంది, అందుకే మొత్తం ఒక్క చోట రాస్తున్నా.

ముందే ఒక మాట. ఈ గ్రూపు డాక్టరుకి బదులు కాదు. డాక్టరు రాసిచ్చిన దాన్ని ఇంట్లో, పొలంలో, పెళ్ళిళ్ళలో, ఉపవాసాల్లో ఎట్టా పాటించాలో ఒకరికొకరు చూసుకోడానికి మాత్రమే. ఈ గీత మొదటి రోజే గీసుకోకపోతే తర్వాత చాలా కష్టం.

## 1. మీటింగ్ పెట్టకముందు చెయ్యాల్సిన పని

ఫస్ట్ మీ విలేజ్ క్లినిక్‌కి పోండి. అక్కడ క్లినిక్ చూసుకునే ఎంఎల్‌హెచ్‌పీ మేడంతో, ఏఎన్‌ఎంతో, ఆశా అక్కతో కూర్చుని మాట్లాడండి. 30 ఏళ్ళు దాటినవాళ్ళకి బీపీ, షుగర్ చూసే పని ఎట్టాగూ వాళ్ళకి ఉంది కాబట్టి ఊళ్ళో ఎవరెవరికి ఉందో వాళ్ళకి తెలుసు. ఆ లిస్టు మీకు ఇమ్మని అడగొద్దు, అది జనం సొంత విషయం. ఫలానా రోజు గ్రూపు ఉంది, ఇష్టమైనవాళ్ళు రావచ్చు అని వాళ్ళ చేతే చెప్పించండి, అది చాలు.

తర్వాత టైము. ఇక్కడే చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. టంగుటూరు, కొండపి వైపు పొగాకు కొట్టేటప్పుడు, ఆకు కాల్చే బేరన్లు నడిచేటప్పుడు సాయంత్రం ఆరింటికి మీటింగ్ అంటే ఎవరొస్తారు? కోవూరు వైపు నాట్లప్పుడు ఆడోళ్ళు తెల్లారకముందే పోతారు. ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల కాడ రాత్రి కాపలా ఉండేవాళ్ళు పగలు నిద్రపోతారు. కాబట్టి మీ ఊరి పనిని బట్టి టైము పెట్టుకోండి, సీజన్ మారితే టైము కూడా మార్చండి.

చోటు ఇంకా ముఖ్యం. ఊళ్ళో అన్ని వాడల వాళ్ళూ సంకోచం లేకుండా వచ్చి కూర్చునే చోటు కావాలి. గుడి అరుగో, ఒక పెద్దాయన వరండానో పెడితే కాలనీ వాళ్ళు వచ్చి మెట్ల కాడే నిలబడతారు, రెండోసారి రారు. స్కూలు, అంగన్‌వాడీ, డ్వాక్రా సమాఖ్య రూము, ఇవి మేలు. అవి లేకపోతే ఒక వారం ఊళ్ళో, ఒక వారం కాలనీలో పెట్టండి.

మొదలుపెట్టకముందు చూసుకోవాల్సినవి:

- క్లినిక్ వాళ్ళు ఒప్పుకున్నారా, అనుమానం వస్తే ఫోన్ చెయ్యడానికి ఒక నంబర్ ఇచ్చారా
- 104 బండి, డాక్టరు మీ ఊరికి ఏ రోజుల్లో వస్తారు
- పీహెచ్‌సీలో ఏ షుగర్ మాత్రలు ఇస్తున్నారు, ఎన్ని రోజులకి సరిపడా ఇస్తున్నారు
- హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపేది), క్రియాటినిన్ (కిడ్నీల పని చూపేది) టెస్టులు దగ్గర్లో యాడ చేస్తారు, బస్సు చార్జీ ఎంత
- కళ్ళ రెటీనా పరీక్ష యాడ ఉంది (ఒంగోలు, నెల్లూరు పెద్దాసుపత్రుల్లో ఏ రోజు ఓపీనో కనుక్కోండి)
- గ్రూపుకి పది నుంచి పదిహేను మంది. అంతకన్నా ఎక్కువైతే రెండు గ్రూపులు చెయ్యండి

## 2. గ్రూపు నడిపే మనిషిని ఎంచుకోవడం

మొత్తం పనిలో సగం ఇదే. మంచి మనిషి దొరికితే పుస్తకం లేకపోయినా నడుస్తుంది, సరైన మనిషి లేకపోతే ఎన్ని చార్టులు పెట్టినా నడవదు.

ఎవరైతే బాగుంటుంది? తనకి షుగర్ ఉండాలి, లేదా ఇంట్లో షుగర్ మనిషిని ఏళ్ళ తరబడి చూసుకుంటూ ఉండాలి. మాత్రలు సక్రమంగా వేసుకునే మనిషి అయ్యుండాలి. తన షుగర్ ఎప్పుడూ నార్మల్‌గా ఉండాలని లేదు, నిజానికి ఎక్కువ తక్కువలు పడి మళ్ళీ దారికి తెచ్చుకున్న మనిషి మాట జనం ఎక్కువ వింటారు. ఇంకొకరు మాట్లాడేటప్పుడు నోరు మూసుకుని వినగలగాలి. ఒకరింటి విషయం ఇంకొకరింట్లో చెప్పకూడదు, ఇది మాత్రం రాజీ పడొద్దు. పెళ్ళి కావాల్సిన పిల్లకి షుగర్ ఉందని ఊరంతా పాకితే ఆ ఇంటివాళ్ళే కాదు, ఇంకెవరూ గ్రూపు ముఖం చూడరు.

ఎవరు వద్దు? మందుల షాపాయన వద్దు, ఇంజక్షన్లు వేసే ఆర్‌ఎంపీ వద్దు, పొడులు డబ్బాలు అమ్మేవాళ్ళు అసలే వద్దు, వాళ్ళకి అమ్మకం ఉంటుంది. పార్టీలో తిరిగే లీడర్ వద్దు, సగం ఊరు రాదు. వాళ్ళు మంచోళ్ళు కాదని కాదు, సభ్యులుగా రానివ్వండి, నడిపే పని మాత్రం ఇవ్వొద్దు.

ఇద్దరుండాలి, ఒక ఆడమనిషి, ఒక మగమనిషి. మూత్రంలో మంట, దురద, మొగుడూ పెళ్ళాల మధ్య సమస్యలు, ఇవన్నీ షుగర్‌తో వచ్చేవే, ఇవి ఆడోళ్ళు మగవాళ్ళకి, మగవాళ్ళు ఆడోళ్ళకి చెప్పుకోరు. చదువు రాకపోయినా పర్లేదు, ఇద్దరిలో ఒకరికి అంకెలు రాయడం వస్తే చాలు. నెల్లూరు జిల్లాలో 1992లో దూబగుంట ఆడోళ్ళు రాత్రి బడిలో కూర్చుని మాట్లాడుకుని సారా దుకాణం మూయించారు, గుంపుగా కూర్చుని తేల్చుకోవడం మన ఊళ్ళకి ఎవరో వచ్చి నేర్పాల్సిన పని కాదు.

## 3. నడిపేవాళ్ళకి ఏం నేర్పాలి

క్లినిక్ మేడం గానీ పీహెచ్‌సీ డాక్టరు గానీ నాలుగైదు పూటలు కూర్చోబెట్టి నేర్పితే సరిపోతుంది. షుగర్ జబ్బు పుట్టు పూర్వోత్తరాలు అక్కర్లేదు. ఇవి రావాలి: గ్లూకోమీటర్ వాడటం, లో షుగర్ (షుగర్ బాగా పడిపోవడం) గుర్తుపట్టడం, కాళ్ళు చూడటం, కంచంలో అన్నం కొలత, ఎప్పుడు ఆసుపత్రికి పంపాలి.

అంకెలు ఇవి కంఠతా రావాలి. షుగర్ ఉన్న మామూలు మనిషికి పరగడుపున 80 నుంచి 130, తిన్న రెండు గంటలకి 180 లోపు, హెచ్‌బీఏ1సీ 7 లోపు. కానీ బాగా పెద్ద వయసు వాళ్ళకి, గుండె కిడ్నీ జబ్బులున్నోళ్ళకి డాక్టరు కొంచెం సడలిస్తారు, కడుపుతో ఉన్నవాళ్ళకి ఇంకా గట్టిగా పెడతారు. అందుకని ప్రతి మనిషి నోట్‌బుక్ మొదటి పేజీలో డాక్టరు చెప్పిన టార్గెట్ రాయించండి, అందరికీ ఒకే అంకె పెట్టి కొలవొద్దు.

నడిపేవాళ్ళు చెయ్యకూడనివి మూడు. మాత్ర పెంచమని తగ్గించమని చెప్పకూడదు. ఏ మందూ అమ్మకూడదు, ఫలానాది కొనమని కూడా అనకూడదు. ఎవర్నీ అందరి ముందర తిట్టకూడదు. ఈ మూడూ మొదటి మీటింగ్‌లో వాళ్ళ నోటితోనే అందరికీ చెప్పించండి.

ఇంకోటి, వినడం ప్రాక్టీస్ చేయించండి. ఒకరు షుగర్ 300 వచ్చిన పెద్దమ్మ లాగా, ఇంకొకరు నడిపే మనిషి లాగా కూర్చుని మాట్లాడాలి. "ఏంది పెద్దమ్మా, మళ్ళీ స్వీట్లు తిన్నావా" అని మొదలుపెడితే ఆపండి. "పెద్దమ్మా, ఈ వారం ఏం కష్టమొచ్చింది" అని అడగడం అలవాటయ్యేదాకా చేయించండి, దీనికి ఒక పూట పోయినా పర్లేదు.

## 4. సామాను

- ఒక మంచి గ్లూకోమీటర్, దానికి తగ్గ స్ట్రిప్పులు (అసలు ఖర్చు స్ట్రిప్పులదే, మీటర్ కొనేముందు దాని స్ట్రిప్పులు మీ దగ్గర టౌన్‌లో దొరుకుతాయో లేదో చూసుకోండి)
- మనిషికో కొత్త సూది. ఒకరికి వాడింది ఇంకొకరికి ఎట్టి పరిస్థితుల్లో వాడొద్దు, పచ్చకామెర్ల వైరస్, హెచ్‌ఐవీ లాంటివి అట్లానే అంటుకుంటాయి
- వాడిన సూదులు వెయ్యడానికి మూత గట్టిగా ఉండే మందపాటి ప్లాస్టిక్ డబ్బా, నిండితే క్లినిక్‌లో ఇచ్చెయ్యండి
- బీపీ మిషన్
- ఇంట్లో రోజూ తినే కంచం ఒకటి, గరిటె ఒకటి
- చక్కెర డబ్బా, ఎవరికైనా షుగర్ పడిపోతే ఇవ్వడానికి, ఇది ప్రతి మీటింగ్‌లో ఉండాల్సిందే
- మనిషికో చిన్న నోట్‌బుక్

చెయ్యి సబ్బుతో కడిగి పూర్తిగా ఆరిన తర్వాతే వేలు గుచ్చాలి. అరటిపండు ఒలిచిన చేత్తో చూస్తే లేని షుగర్ చూపిస్తుంది. వేలి మధ్యలో కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువ. స్ట్రిప్ డబ్బా మూత తీసి వదిలెయ్యొద్దు, మన సముద్రం గాలికి తేమ పట్టి తప్పు అంకెలు వస్తాయి.

## 5. మీటింగ్ నడిపే వరస

మొదటి ఆరు వారాలు వారానికొకటి, ఆ తర్వాత పదిహేను రోజులకోసారి, ఆరు నెలలు దాటాక నెలకోసారి. గంటన్నర మించొద్దు.

ముందు వచ్చినవాళ్ళు వచ్చినట్టు షుగర్, బీపీ చూపించుకుంటారు, అంకె ఎవరి పుస్తకంలో వాళ్ళకే, పైకి చదవొద్దు. అందరూ చేరాక, పోయిన వారం ఏం అనుకున్నాం, ఏం జరిగింది అని ఒక్కొక్కరూ రెండు ముక్కలు చెప్పాలి, ఇది అరగంట పట్టినా పట్టనివ్వండి, గ్రూపు ప్రాణం ఇక్కడే ఉంది. ఆ తర్వాత ఒకే ఒక్క కొత్త విషయం, ఇరవై నిమిషాలు. చివర్లో ప్రతి ఒక్కరూ వచ్చే వారానికి ఒక చిన్న పని అనుకోవాలి.

ఆ పని ఎట్టా ఉండాలంటే, "తీపి తగ్గిస్తా" అంటే కుదరదు. "రోజూ హోటల్ కాడ తాగే నాలుగు టీల్లో రెండు చక్కెర లేకుండా తాగుతా" అనాలి. "నడుస్తా" కాదు, "రాత్రి అన్నం తిన్నాక చెరువు కట్ట దాకా పోయొస్తా, వారంలో ఐదు రోజులు" అనాలి. ఇది చెయ్యగలనని నీకు పదికి ఎంత నమ్మకం అని అడగండి, ఏడు కన్నా తక్కువ చెప్తే పనిని ఇంకా చిన్నది చెయ్యండి.

మొదటి ఆరు వారాలకి విషయాల వరస: లో షుగర్, అన్నం కొలత, మాత్రలు, కాళ్ళు, బీపీ కళ్ళు కిడ్నీలు, చివర్లో పండగలు ఉపవాసాలు. అందరూ తిండితో మొదలుపెడతారు, నేను మాత్రం లో షుగర్‌నే ముందు పెట్టమంటా. ఎందుకంటే గ్రూపులో చేరిన ఉత్సాహంలో ఒక్కసారిగా అన్నం సగం చేసి మాత్ర మాత్రం అంతే వేసుకునేవాళ్ళు ఉంటారు, ప్రమాదం మొదటి వారంలోనే వస్తుంది.

## 6. లో షుగర్ వస్తే

70 కన్నా తగ్గితే లో షుగర్. చెమటలు, వణుకు, గుండె దడ, ఆకలి, మాట తడబడటం, ఊరికే కోపం. ఇన్సులిన్ వాళ్ళకి, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్ళకి ఎక్కువగా వస్తుంది, ఒక్క మెట్‌ఫార్మిన్ మాత్రమే వాడేవాళ్ళకి అరుదు.

1. మీటర్ ఉంటే చూడండి, లేకపోతే దానికోసం వెతుక్కుంటూ కూర్చోకుండా లో షుగరే అనుకుని మొదలుపెట్టండి.
2. మూడు నాలుగు టీస్పూన్ల చక్కెర నీళ్ళలో కలిపి తాగించండి. బిస్కెట్, పాలు, అన్నం ఆ క్షణంలో పనికిరావు, ఆలస్యంగా ఎక్కుతాయి.
3. 15 నిమిషాలు ఆగి మళ్ళీ చూడండి. ఇంకా 70 లోపే ఉంటే మళ్ళీ ఇవ్వండి.
4. తేరుకున్నాక ఇడ్లీయో అన్నమో ఏదో ఒకటి తినిపించండి.
5. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యొద్దు, పక్కకి ఒత్తిగిల్లబెట్టి 108 పిలవండి.

బేరన్ కాడికి, రొయ్యల గుంట కాడికి పోయేవాళ్ళు జేబులో ఎప్పుడూ చక్కెర పొట్లం పెట్టుకోవాలి. పక్కన పనిచేసేవాళ్ళకి కూడా ఈ సంగతి చెప్పి ఉంచాలి, లేకపోతే తాగి ఉన్నాడని వదిలేసి పోతారు.

## 7. అన్నం సంగతి

మన దగ్గర గొడవంతా ఇదే. నెల్లూరు మనిషికి మూడు పూటలా అన్నమో, బియ్యంతో చేసిందో ఉండాలి, అన్నం మానెయ్యమంటే ఆ మనిషి గ్రూపే మానేస్తాడు. మానమని చెప్పొద్దు, కంచం తీసి చూపించండి.

వాళ్ళు రోజూ ఎంత తింటారో అంత ముందు పెట్టించండి, ఏమీ అనకుండా. తర్వాత కంచాన్ని వేలితో సగం గీసి, ఆ సగంలో కూర పెట్టండి, బీరకాయ, సొరకాయ, వంకాయ, తోటకూర, గోంగూర, చిక్కుడు, ఏదైనా సరే, బంగాళదుంప, చేమదుంప ఈ సగంలోకి రావు. మిగతా సగంలో ఒక భాగం పప్పు, గుడ్డు, చేప, ఇంకో భాగం అన్నం. చూస్తే చాలామందికి తినేదాంట్లో మూడో వంతే మిగులుతుంది, ఒక్కసారిగా అంత తగ్గించమనకుండా వారానికి ఒక గరిటె తగ్గించుకుంటూ రమ్మనండి, మాత్రలు ఇన్సులిన్ వాడేవాళ్ళు ఈ సంగతి క్లినిక్‌లో కూడా చెప్పాలి.

చేపల పులుసు మానక్కర్లేదు. చేప మంచిదే, పులుసు కోసం రెండోసారి వడ్డించుకునే అన్నమే షుగర్ పెంచేది. ఉప్పు చేప, ఆవకాయ మాత్రం బీపీ ఉన్నోళ్ళు బాగా తగ్గించాలి.

రాగి, కొర్ర, జొన్న గురించి అందరూ తప్పు పడే చోటు ఒకటుంది. రాగి తింటే షుగర్ రాదని రెండు ముద్దలు సంగటి తినేవాళ్ళు ఉండారు. రాగిలోనూ పిండిపదార్థమే ఉంది, పీచు కొంచెం ఎక్కువ, అంతే తేడా. పైగా పల్చగా కాచిన జావ గ్లాసులు గ్లాసులు తాగితే గబుక్కున ఎక్కుతుంది. కొర్రన్నమైనా అదే కంచంలో అదే పావు భాగం. కావాలంటే ఒక రోజు తెల్లన్నం, ఇంకో రోజు అంతే కొర్రన్నం తిని రెండు గంటలకి చూసుకోమనండి, నోటితో చెప్పేదానికన్నా వాళ్ళ వేలి చుక్క చెప్పింది నమ్ముతారు.

డబ్బుల్లేని ఇంటికి బాదం, ఓట్స్ చెప్పొద్దు. ప్రకాశంలో శనగలు పండుతాయి, సాయంత్రం బజ్జీల బదులు గుప్పెడు శనగ గుగ్గిళ్ళు, అలసందలు చాలు.

## 8. కాళ్ళు చూసే పద్ధతి

దీనికి పరికరం అక్కర్లేదు. మనిషిని కళ్ళు మూసుకోమని, రెండు కాళ్ళలో బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు, ఈ ఆరింటి కొసలని మీ చూపుడు వేలితో తేలిగ్గా ఒకటి రెండు సెకన్లు తాకండి, నొక్కొద్దు, రుద్దొద్దు. తాకినప్పుడల్లా చెప్పమనండి. ఆరింటిలో రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే, డాక్టరుకి చూపించాలి.

స్పర్శ తగ్గినవాళ్ళకి చెప్పాల్సినవి:

- పొలంలో, గుంట గట్టు మీద, ఇంటి వాకిట్లో కూడా చెప్పు లేకుండా నడవొద్దు
- చెప్పు వేసుకునేముందు దులిపి లోపల చెయ్యి పెట్టి చూసుకోవాలి
- రోజూ రాత్రి అరికాళ్ళు చూసుకోవాలి, కనపడకపోతే మనవళ్ళని చూడమనాలి
- వేడినీళ్ళు మోచేత్తో చూసి గానీ కాలు పెట్టొద్దు
- ఆనెలు బ్లేడుతో కోసుకోవద్దు
- నీళ్ళలో పనిచేసి వచ్చాక వేళ్ళ సందులు తుడిచి ఆరబెట్టాలి

పుండు కనపడితే పసుపు, సున్నం, ఆకు పసరు వద్దు. అదే రోజు క్లినిక్.

## 9. మాత్రలు, ఇన్సులిన్, భయాలు

కనిగిరి, పామూరు వైపు ఫ్లోరైడ్ నీళ్ళు, కిడ్నీ జబ్బుల భయం ఉంది కాబట్టి "షుగర్ మాత్రలు వాడితే కిడ్నీలు పోతాయి" అనే మాట ప్రతి మీటింగ్‌లో వస్తుంది. కొట్టిపారెయ్యొద్దు, భయానికి కారణం ఉంది. చెప్పాల్సింది ఏమంటే, కిడ్నీలని తినేది ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉన్న షుగర్, బీపీ. మెట్‌ఫార్మిన్ కిడ్నీని పాడు చెయ్యదు, కిడ్నీ ముందే దెబ్బతిని ఉంటే మాత్రం డాక్టరు దాన్ని తగ్గిస్తారు లేదా ఆపుతారు, అందుకే ఏడాదికోసారి క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోతుందేమో చూపించుకోవాలి. ఇంకా అసలు జాగ్రత్త పడాల్సింది ఒళ్ళు నొప్పులకి అలవాటుగా వేయించుకునే డైక్లోఫెనాక్ సూదులు, మాత్రలతో.

మెట్‌ఫార్మిన్‌తో కడుపు తిప్పితే భోజనంతో పాటు వేసుకోవాలి, అప్పటికీ తగ్గకపోతే మానకుండా డాక్టరుకి చెప్పాలి. షుగర్ నార్మల్ వచ్చింది గదా అని ఆపేసేవాళ్ళకి, మాత్ర వేసుకోబట్టే నార్మల్ వచ్చిందని పక్కనోళ్ళ చేత చెప్పించండి, మీకన్నా వాళ్ళ మాట బాగా ఎక్కుతుంది. చెట్ల మందు వాడుతున్నామంటే తగువు పడొద్దు, ఇంగ్లీషు మాత్ర మాత్రం ఆపొద్దనండి, రెండూ వాడుతున్నట్టు డాక్టరుకి చెప్పమనండి.

ఇన్సులిన్ ఫ్రిజ్‌లో డీప్ ఫ్రీజర్ పక్కన పెట్టొద్దు, గడ్డకడితే పారెయ్యాల్సిందే. ఫ్రిజ్ లేనివాళ్ళు ఒక మట్టికుండలో చిన్న మట్టిపాత్ర పెట్టి మధ్యలో తడి ఇసుక పోసి, సీసాని కవర్లో చుట్టి లోపలి పాత్రలో పెట్టి నీడలో ఉంచాలి, ఇసుక రోజూ తడపాలి. మన ఎండాకాలానికి ఇది బాగా పనికొస్తుంది. తెరిచిన సీసా నాలుగు వారాలు దాటితే వాడొద్దు, తెరిచిన తేదీ పెన్నుతో సీసా మీదే రాయించండి.

## 10. ఉపవాసాలు

కార్తీక సోమవారాలు, అయ్యప్ప మాల, రంజాన్, ఇవి వస్తాయని ముందే తెలుసు కాబట్టి నెల ముందే ఎత్తుకోండి. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వాడేవాళ్ళు డాక్టరుని అడిగి మందుల టైము, డోసు మార్పించుకున్నాకే ఉపవాసం ఉండాలి. రోజాలో (రంజాన్ ఉపవాసంలో) ఉన్నప్పుడు షుగర్ 70 లోపు పోయినా 300 దాటినా వెంటనే విరమించాలి. వేలి నుంచి చుక్క తీస్తే రోజా పోదని చాలామంది మతపెద్దలు చెప్తారు, మీ ఊరి ఇమామ్ గారిని ఒకసారి గ్రూపుకి పిలిచి ఆయన నోటితోనే చెప్పించండి.

## 11. వెంటనే పంపాల్సినవాళ్ళు

- స్పృహ తప్పినా, ఛాతీ నొప్పి వచ్చినా, మూతి వంకర పోయినా, ఒక పక్క చెయ్యి కాలు పడిపోయినా: 108
- షుగర్ బాగా ఎక్కువుండి వాంతులు, కడుపునొప్పి, ఆయాసం ఉన్నా: 108
- కాలి మీద పుండు, నల్లబడటం, చీము, వాపు: అదే రోజు
- చూపు ఒక్కసారిగా తగ్గితే: అదే రోజు
- రెండు వారాలు దాటిన దగ్గు: కఫం పరీక్ష, షుగర్ వాళ్ళకి టీబీ ఎక్కువగా వస్తుంది
- కడుపుతో ఉన్న అమ్మాయికి షుగర్ ఎక్కువ కనపడితే: రేపు మాపు అనకుండా డాక్టరు దగ్గరికి

పొమ్మని చెప్పి ఊరుకోవద్దు. తోడు ఎవరు పోతారు, బస్సు చార్జీ ఎవరిస్తారు అనేది కూడా అప్పుడే తేల్చండి, వచ్చాక ఏమన్నారో కనుక్కోండి.

## 12. ఎక్కువగా దెబ్బతినే చోట్లు, సరిచేసుకునే దారి

మీటింగ్ ఉపన్యాసం అయిపోవడం. నడిపే మనిషి అరగంట ఆపకుండా మాట్లాడుతుంటే ఇంకొకరు పక్కన కూర్చుని ఆపాలి. ప్రశ్న వస్తే ముందు గ్రూపుని అడగండి, "మీలో ఎవరికైనా ఇట్టా అయిందా, ఏం చేశారు" అని.

మగవాళ్ళు రాకపోవడం. మీటింగ్‌కి పిలిస్తే రారు, టీ కొట్టు కాడ పొద్దున్నే బీపీ మిషన్ పెట్టుకుని కూర్చుంటే వాళ్ళే వస్తారు. ఆడనే పది నిమిషాలు మాట్లాడండి.

వండేవాళ్ళు మీటింగ్‌కి రాకపోవడం. ఆయనకి షుగర్, వండేది కోడలు. కోడల్ని పిలవకుండా అన్నం గురించి మామకి చెప్పి లాభం లేదు. అన్నం కొలత చెప్పే వారం ఇంట్లోవాళ్ళని తప్పకుండా రమ్మనండి.

వాట్సాప్‌లో చిట్కాలు నిండిపోవడం. కాకరకాయ రసంతో వారంలో షుగర్ మాయం అనే వీడియోలు వస్తానే ఉంటాయి. గ్రూపులో మీటింగ్ కబుర్లు తప్ప ఫార్వర్డులు పెట్టకూడదని రూలు పెట్టండి, అనుమానం ఉన్న వీడియో మేడంకి పంపి ఆమె చెప్పింది మీటింగ్‌లో చెప్పండి.

షుగర్ పెరిగినవాళ్ళు సిగ్గుపడి మానెయ్యడం. రెండు వారాలు రాని మనిషింటికి పోండి. షుగర్ సంగతి ఎత్తకుండా బాగున్నారా అని అడిగి రండి, మూడో వారం వాళ్ళే వస్తారు. వచ్చినప్పుడు ఎందుకు రాలేదని అడగొద్దు.

## 13. లెక్క, ఏడాది తర్వాత

నెలకోసారి ఒక పేజీ రాసుకుంటే చాలు: ఎంతమంది వచ్చారు, ఎంతమంది మాత్రలు మానకుండా వేసుకున్నారు, ఎంతమంది కాళ్ళు చూశాం, కళ్ళు కిడ్నీ టెస్టులు ఎంతమందికి అయ్యాయి, ఎంతమందిని పంపాం, వాళ్ళల్లో ఎంతమంది నిజంగా పోయారు. హెచ్‌బీఏ1సీ మొదట్లో ఒకసారి, ఆరు నెలలకి ఒకసారి చేయించగలిగితే మంచిది.

మూడు నెలలకే అంకెలన్నీ పడిపోతాయని ఆశపెట్టుకోవద్దు. కేరళలో తిరువనంతపురం జిల్లాలో షుగర్ వచ్చే ప్రమాదం ఉన్న 1007 మందితో ఇట్లానే తోటివాళ్ళు నడిపే గ్రూపులు పెట్టి రెండేళ్ళు చూశారు, 2018లో ఫలితాలు వచ్చాయి. కొత్తగా షుగర్ వచ్చినవాళ్ళ సంఖ్యలో గట్టిగా చెప్పుకునేంత తేడా రాలేదు, కానీ కూరగాయలు పళ్ళు తినడం, తాగుడు తగ్గించడం లాంటి అలవాట్లలో మార్పు కనపడింది. అది షుగర్ రాకుండా ఆపే ప్రయత్నం, మనది వచ్చినవాళ్ళు చూసుకునే పని, అయినా అలవాట్లు ముందు మారతాయి, అంకెలు తర్వాత కదులుతాయి అనే లెక్కలో ఉంటే నిరాశ రాదు.

స్ట్రిప్పుల డబ్బు కోసం ఎవరో దాత మీద ఆధారపడితే ఆయన ఆపిన రోజు గ్రూపు ఆగుతుంది. డ్వాక్రా పొదుపు లాగా మనిషికి మీటింగ్‌కి పది రూపాయలు వేసుకోండి, ఇవ్వలేనివాళ్ళని అడగొద్దు. లెక్క నడిపే మనిషి దగ్గర కాకుండా ఇంకొకరి దగ్గర ఉండాలి, నెలకోసారి అందరి ముందర చదవాలి.

ఆరో నెల నుంచే తర్వాత ఎవరు నడుపుతారో చూసుకోవడం మొదలుపెట్టండి. బాగా వినే మనిషి ఎవరో అప్పటికి మీకే తెలిసిపోతుంది, ఒక మీటింగ్‌లో కాళ్ళు చూసే పని వాళ్ళకిచ్చి చూడండి, ఇంకో మీటింగ్‌లో అన్నం కంచం. ఏడాది నిండేసరికి పాతవాళ్ళిద్దరూ పక్క ఊళ్ళో కొత్త గ్రూపు మొదటి ఆరు వారాలకి తోడు పోగలిగేలా చూసుకోండి.